గంగల కలిపినయి ఏడికి పోతయి?



కాళేశ్వరం సరస్వతీ పుష్కరాల వీడియో చూసినవాళ్లకు ఆ త్రివేణి సంగమం, మెట్ల నిండా జనం, సాయంత్రం హారతి గుర్తుండే ఉంటాయి. 2025 మే 15 నుంచి 26 దాకా జరిగిన పుష్కరాలవి. ఆ వీడియోలో లేని ఒక సంగతి ఇక్కడ రాస్తున్నా. వీడియోలో ఎందుకు పెట్టలేదంటే, అందులో తప్పు చేయబోయింది నేనే.

బయల్దేరే ముందు గోదావరిఖనిలో మా పెద్దమ్మ నా చేతికి ఒక కవర్ ఇచ్చింది. నల్ల కవర్, బట్టల షాపులో ఇచ్చే పెద్ద సైజుది. లోపల మూడు పాత దేవుడి పటాలు. రెండు లామినేషన్ చేసినవి, ఒకటి అద్దం పగిలిన ఫ్రేము. ఇంకా ఎండిన పూలు, తులసి కొమ్మలు, పోయిన వినాయక చవితికి కట్టిన ప్లాస్టిక్ పూలదండ, ఖాళీ అగరబత్తి ప్యాకెట్లు. "గంగల కలుపు బిడ్డా. దేవుని పటాలు చెత్తల వేయద్దు, కండ్లు పోతయి" అంది. మా వైపు గోదావరిని గోదావరి అని ఎవ్వరూ అనరు. గంగే. "గంగకు పోయొచ్చినం" అంటే కాశీకి అనుకునేరు, ధర్మపురికో మంచిర్యాలకో అని అర్థం.

సంగమంలో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడ్డా, కవర్ చేతిలో ఉంది. పక్కన ఒక పిల్లోడు, ఆరేడేళ్లుంటాయి, వాళ్ల నాయనమ్మ నీళ్లలో ఏదో వదులుతుంటే అడిగాడు: "నాయనమ్మా, గంగల కలిపినయి ఏడికి పోతయి?"

ఆమె సూటిగా చెప్పింది: "యాడికి పోతయిరా, గంగల కలుస్తయి."

వాడికి ఆ జవాబు సరిపోలేదని వాడి ముఖంలోనే తెలిసింది. నాకూ సరిపోలేదు. కవర్ తిరిగి బ్యాగులో పెట్టుకున్నా. పుణ్యమో పాపమో తెలియదు గానీ, ఆ ప్రశ్న మాత్రం నాతోపాటు హైదరాబాద్ వచ్చింది.

మన భాషలో ఒక తమాషా ఉంది. ఏదైనా నష్టపోతే "గంగలో కలిసిపోయింది" అంటాం. పెట్టిన డబ్బు గంగలో కలిసింది, చదివిన చదువు గంగలో కలిసింది. అంటే ఇక లేదు, లెక్కలో లేదు అని. అదే మాట అస్థికలకు కూడా వాడతాం, కానీ అక్కడ అర్థం పూర్తిగా వేరు. చనిపోయినవాళ్లు "పంచభూతాల్లో కలిశారు" అంటాం. లేకుండా పోయారని కాదు, ఎక్కడి నుంచి వచ్చారో అక్కడికి చేరారని. ఒకటేమో వదిలించుకోవడం, రెండోది తిరిగి అప్పగించడం. రెండింటికీ మనం "కలపడం" అనే ఒకే మాట వాడుతున్నాం. గొడవంతా ఇక్కడే ఉందని నాకనిపిస్తోంది.

గీత రెండో అధ్యాయం చదివినవాళ్లకు తెలుసు, ఉన్నది లేకుండా పోదు అని స్వామి చెబుతాడు. అక్కడ ఆయన మాట్లాడుతున్నది ఆత్మ గురించి, నిజమే. సాంఖ్యులైతే ఇదే మాటను వస్తువులకు కూడా చెప్పారు. కుండ పగిలితే మట్టి అవుతుంది, మట్టి లేకుండా పోదు. రూపం మారుతుందంతే. ఈ లెక్కన పెద్దమ్మ ఇచ్చిన లామినేషన్ పటం కూడా ఎక్కడికీ "పోదు". ఎవరో ఒకరి దగ్గరికి వెళుతుంది.

ఆ కాళేశ్వరంలోనే దీనికి జవాబుంది. అక్కడ ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, కాళేశ్వరుడు, ముక్తేశ్వరుడు. ముక్తేశ్వర లింగానికి రెండు రంధ్రాలుంటాయి. అందులో ఎన్ని బిందెల నీళ్లు పోసినా బయటికి పొంగవని, లోపలి దారిలో వెళ్లి సంగమంలో కలుస్తాయని నమ్మకం. చిన్నప్పుడు ఇది వింటే మహిమ అనిపించేది. ఇప్పుడు వింటే ఇంకోటి అనిపిస్తోంది. మన పెద్దవాళ్లు ఒక చెంబెడు అభిషేక జలం ఎక్కడికి వెళుతుందో కూడా పట్టించుకున్నారు. దానికొక దారి చెప్పి, చేరే చోటు చెప్పి, ఆ కథను నిలబెట్టారు. మనం టన్నులకొద్దీ వదులుతూ ఎక్కడికి పోతుందని అడగట్లేదు.

సరే, ఎక్కడికి పోతుంది?

నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో పుట్టిన గోదావరి మొత్తం పొడవు 1,465 కిలోమీటర్లు. కందకుర్తి దగ్గర తెలంగాణలోకి వచ్చి, బాసరలో సరస్వతమ్మ కాళ్ల దగ్గర నుంచి పోయి, పోచంపాడు ప్రాజెక్టు దాటి, ధర్మపురి లక్ష్మీనరసింహుడి ముందు నుంచి, మంచిర్యాల, గోదావరిఖని మీదుగా కాళేశ్వరం చేరుతుంది. అక్కడ ప్రాణహిత కలుస్తుంది. ఆ తర్వాత భద్రాచలం, పాపికొండలు, రాజమండ్రి. ధవళేశ్వరం బ్యారేజీ దాటాక పాయలుగా చీలి, అందులో వశిష్ఠ పాయ అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. అంతర్వేదిలో ఉన్నది ఎవరు? మళ్లీ లక్ష్మీనరసింహుడే. అంటే ధర్మపురిలో నరసింహస్వామికి దండం పెట్టి మనం వదిలిన కవర్, వరదొచ్చిన ఏడాది బ్యారేజీల గేట్లు ఎత్తితే, నెమ్మదిగా వెళ్లి వెళ్లి అంతర్వేదిలో అదే స్వామి ముందుకు చేరుతుంది. ఆయన ఇచ్చిన ప్రసాదం మనం తిన్నాం, ప్రసాదం కట్టిచ్చిన కవర్ ఆయనకే తిరిగి పంపించాం.

అక్కడితో కూడా ఆగదు. గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, కాకినాడ తీరాన హోప్ ఐలాండ్ ఉంది. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే ఇసుక అది. నీళ్లలో తేలే ప్లాస్టిక్ కవర్‌ను జెల్లీచేప అనుకుని తాబేళ్లు మింగుతాయని శాస్త్రవేత్తలు చాలా ఏళ్లుగా చెబుతున్నారు. కూర్మావతారానికి ప్రత్యేకంగా గుడి కట్టుకున్న జాతి మనది, శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో. అక్కడ కూర్మనాథుడికి మొక్కి, ఇక్కడ కూర్మానికి కవర్ తినిపిస్తున్నాం. కాస్త ఘాటుగా ఉందా? రాస్తుంటే నాకూ అలాగే అనిపించింది, కానీ ఇంతకంటే మెత్తగా ఎలా చెప్పాలో తెలియలేదు.

ప్రపంచం మొత్తం మీద నేల నుంచి సముద్రంలోకి ఏటా చేరే ప్లాస్టిక్ సుమారు 80 లక్షల టన్నులు ఉంటుందని 2015లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. అందులో మన గంగ వాటా ఎంత అని నేను లెక్కలోకి వెళ్లను. నా కవర్ ఒకటి ఉండేది, అది చాలు నాకు.

ఇక్కడ ఒక మాట వస్తుంది. మీ ఇంట్లో కూడా వినే ఉంటారు. "గంగమ్మకు మైలేంది? అందరి పాపాలు కడిగే తల్లికి మన కవర్ ఒక లెక్కా?"

దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఇందులో నిజం ఉంది. గంగ పావనం అన్నది భక్తుడి అనుభవం, ల్యాబ్ రిపోర్టుతో అది పోదు. కానీ పావనం వేరు, శుభ్రం వేరు. పావనం ఆమె స్వభావం, ఆమెకు మనం ఇచ్చింది కాదు, మనం తీసేయగలిగిందీ కాదు. శుభ్రం మాత్రం మన పని. ఇంట్లో ముసలి తల్లి మంచాన పడితే, "మా అమ్మ దేవత, ఆమెకు మైల అంటదు" అని పక్కబట్టలు మార్చకుండా వదిలేస్తే ఊళ్లోవాళ్లు ఏమంటారు? ఆమె దేవతే అనుకుందాం. మరి నువ్వేంటి?

ఇదేదో ఈ కాలపు పర్యావరణవాదుల మాట అనుకునేవాళ్ల కోసం ఒకటి చెబుతా. మన ఇళ్లలో పురోహితులను పిలిచి మహాసౌరం, అరుణం చేయిస్తాం కదా, సూర్య నమస్కారాలతో. ఆ అరుణ ప్రశ్న తైత్తిరీయ ఆరణ్యకంలో మొదటిది. సూర్యుడి ఉపాసన అది. అందులోనే, నీళ్లలో మలమూత్రాలు వదలకూడదు, ఉమ్మకూడదు, బట్టలు లేకుండా స్నానం చేయకూడదు అని వ్రతనియమాలు కూడా ఉన్నాయి. అంటే నీళ్లు పవిత్రమైనవి కాబట్టి ఏమైనా చేయొచ్చు అని కాదు, పవిత్రమైనవి కాబట్టే చేయకూడదు అని. ఉమ్మే వద్దన్న చోట థర్మాకోల్ ప్లేటులో దీపం వదలొచ్చా అని అడిగితే, జవాబుకు పండితుడు అక్కర్లేదు.

నాకు తెలిసినంతలో గంగను ఎలా ముట్టుకోవాలో మన ఉత్తర తెలంగాణలో ఒకళ్లకు బాగా తెలుసు. ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు నాగోబా జాతర అవుతుంది. దాని కోసం మెస్రం వంశం గోండులు ముందే బయల్దేరి, చెప్పుల్లేకుండా రోజుల తరబడి నడిచి, జన్నారం మండలం కలమడుగు దగ్గర హస్తలమడుగుకు చేరి, ఝరిలో గోదావరి నీళ్లు పట్టుకుని, మళ్లీ నడిచి తీసుకెళ్లి నాగోబాకు అభిషేకం చేస్తారు. అంత దూరం వచ్చి వాళ్లు నదికి పూజ చేస్తారు, ఒక పాత్రెడు నీళ్లు తీసుకుంటారు, వెళ్లిపోతారు. మనం కారులో గంటన్నరలో వచ్చి, ఒక కవర్ ఇచ్చి పోతాం.

బతుకమ్మ కూడా అంతే చూడండి. తంగేడు, గునుగు, బంతి, పసుపు గౌరమ్మ. అన్నీ చెరువు తీసుకోగలిగినవే. నాలుగు రోజుల్లో మళ్లీ నీళ్లూ మట్టీ అయిపోతాయి. దాంట్లోంచి నాకు దొరికిన కొలత ఇదొక్కటే: ఇచ్చేది పంచభూతాలు ఒప్పుకునేదేనా? పువ్వును ఒప్పుకుంటాయి, మట్టి వినాయకుడిని ఒప్పుకుంటాయి, అస్థికలను ఒప్పుకుంటాయి. ప్లాస్టిక్‌ను ఒప్పుకోవు. ఒప్పుకోని దాన్ని బలవంతంగా ఇస్తే అది నిమజ్జనం కాదు, డంపింగ్.

ఇక్కడితో పోస్ట్ అయిపోవాలి. నేనూ అలాగే అనుకున్నా. కవర్ కథ చెప్పి, "ఈసారి 2027 గోదావరి పుష్కరాలకు గుడ్డ సంచి తెచ్చుకోండి" అని ముగించేవాణ్ని. మా బాపు ముగించనివ్వలేదు.

బాపు బొగ్గుబాయి మనిషి. ముప్పై ఏళ్లకు పైగా భూమి లోపల పనిచేసి రిటైరయ్యాడు. కవర్ తిరిగి తెచ్చిన సంగతి ఫోన్లో గొప్పగా చెబితే అంతా విని, "మంచిగ జేసినవ్. గని, నువ్వు రాత్రంత ఏసీ ఏస్కొని పంటవు గదా. దాని పొగ ఏ గంగల కలుస్తది?" అన్నాడు.

ఎగతాళి చేయలేదు. నిజంగానే అడిగాడు.

లెక్క వేశాను. మన దగ్గర బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీయాలంటే సుమారు 650 నుంచి 700 గ్రాముల బొగ్గు కావాలి. రాత్రంతా ఏసీకి ఎనిమిది యూనిట్లు అనుకుంటే, అది బొగ్గు కరెంటే అయితే, ఐదున్నర కిలోలు. పొద్దున్నే నా మంచం పక్కన ఎవరైనా ఐదున్నర కిలోల బొగ్గు కుప్ప పోసి, "రాత్రి నువ్వు కాల్చింది ఇది" అని చూపిస్తే నేను ఏసీ అలా వేసుకుంటానా? కనపడదు కాబట్టి వేసుకుంటా. కవర్ విషయంలోనూ జరిగింది ఇదే కదా. వంతెన మీద నుంచి వదిలితే కనపడదు కాబట్టి వదులుతాం. పొగ గొట్టం మన గంగ, అంతే. అందులో కలిపేశాం, పోయిందనుకున్నాం.

మరి పోయిందా? ఇది చదివినప్పుడు నేను కాసేపు ఆగిపోయాను. మనుషులు గాల్లోకి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగోవంతు సముద్రం పీల్చుకుంటోంది. దాంతో సముద్రపు నీటి ఆమ్లగుణం పారిశ్రామిక యుగానికి ముందుతో పోలిస్తే సుమారు 30 శాతం పెరిగింది. గవ్వలు, పగడాలు తమ పెంకు కట్టుకోవడానికి ఇబ్బంది పడేది ఆ నీళ్లలోనే. అంటే రామగుండం పొగకూ అంతర్వేది సముద్రానికీ మధ్య నది లేకపోయినా దారి ఉంది. పొద్దున లేవగానే నేల మీద కాలు పెట్టే ముందు భూదేవికి క్షమాపణ చెప్పుకునే శ్లోకంలో ఆ తల్లి కట్టుకున్న బట్ట సముద్రమే అని చెప్పుకుంటాం. కవర్‌తో ఆ బట్టను మురికి చేస్తున్నాం, పొగతో దాని దారాలే మారుస్తున్నాం.

రామగుండం గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. అక్కడి ఎన్టీపీసీకి 1978లో శంకుస్థాపన జరిగింది, 1983లో మొదటి యూనిట్ నడిచింది. మొత్తం 2,600 మెగావాట్లు. ఆ కరెంటు ఒక్క తెలంగాణకే కాదు, ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు, కేరళ దాకా పోతుంది. తర్వాత అదే ప్రాంగణంలో కట్టిన తెలంగాణ ప్రాజెక్టులో 800 మెగావాట్ల యూనిట్లు రెండు వచ్చాయి. రెండోదాన్ని 2024 మార్చి 4న ఆదిలాబాద్ సభలో ప్రధాని జాతికి అంకితం చేశారు. గంగ అవతల జైపూర్‌లో సింగరేణి వాళ్ల 1,200 మెగావాట్లు. మన దేశపు బొగ్గులో సుమారు మూడోవంతు బూడిదే ఉంటుంది. ఆ బూడిద మాత్రం కరెంటుతోపాటు బెంగళూరుకు పోదు.

క్షీరసాగర మథనంలో అందరూ అమృతం కోసమే చిలికారు. ముందు వచ్చింది హాలాహలం. చిలికినవాళ్లెవరూ తాగలేదు, శివుడు తాగాడు. ఈ కథను మనం శివుడి కరుణ కోసం చెప్పుకుంటాం, సరైనదే. కానీ చిలికినవాళ్ల వైపు నుంచి ఒకసారి చూడండి. అమృతం ఒక చోటికి, విషం ఇంకో చోటికి పోయేలా ఏర్పాటు చేసుకున్న చిలకడం అది. వేములవాడ రాజన్నకు కోడెను కట్టి దండం పెడతాం గానీ, మన ఏసీ కోసం ఎవరి గొంతు నీలం అవుతుందో చూడం.

ఇదంతా ఆవేశంగా బాపుతో చెప్పా. ఆయన విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "బొగ్గు పాపమంటే, నీ ఇంజినీరింగ్ ఫీజు గుడ పాపమే గదరా."

దీనికి నా దగ్గర జవాబు లేదు అప్పుడు. ఇప్పుడూ పూర్తిగా లేదు. కానీ మహాభారతం అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడి కథ గుర్తొచ్చింది. కౌశికుడనే తపస్వి, మీద రెట్ట వేసిన కొంగను చూపుతోనే చంపి, తన శక్తికి తానే మురిసిపోతాడు. ఒక ఇల్లాలు అతని గర్వాన్ని పసిగట్టి, మిథిలలో మాంసం అమ్మే వ్యాధుడి దగ్గరికి పో, ధర్మం చెబుతాడు అని పంపిస్తుంది. దుకాణం ముందు నిలబడి కౌశికుడు, ఇంత ఘోరమైన పని చేస్తున్నావేంటయ్యా అంటాడు. వ్యాధుడు సిగ్గుపడడు, దబాయించడు. ఇది నాకు వంశంగా వచ్చిన పని అంటాడు. నేల దున్నినా ప్రాణులు చస్తాయి, నడిచినా చస్తాయి, హింస లేకుండా బతికేవాడు ఈ లోకంలో ఎవడూ లేడు అంటాడు.

ఈ కథలో మా బాపు ఎవరో నాకు వెంటనే తెలిసింది. నేనెవరో తెలియడానికి కొంచెం టైం పట్టింది. హైదరాబాద్ ఫ్లాట్‌లో కూర్చుని, గుడ్డ సంచి పట్టుకుని, బొగ్గును తిడుతున్న నేను కౌశికుణ్ని. బొగ్గు తవ్వినవాడికి చేతులు నల్లగా ఉన్నాయి, కాల్చుకున్నవాడికి లేవు. అంతే తేడా. పాపం అంటూ ఉంటే, అది చేతి రంగును బట్టి పంచరు. మనం ఈ ఛానల్ కార్తీక దీపం వీడియో ఎలా తీశామో చెప్పనా? నాలుగు స్టూడియో లైట్లు, రెండు ఏసీలు, మధ్యలో ఒక మట్టి ప్రమిద.

అయితే ధర్మవ్యాధుడి మాట ఇక్కడితో ఆపేస్తే మోసం అవుతుంది. చాలామంది ఇక్కడే ఆపుతారు, "అందరూ చేసేదే కదా" అని. ఆయన ఇంకో మాట కూడా అంటాడు: అహింసావ్రతం పట్టిన యతులు కూడా హింస చేస్తూనే ఉంటారు, కాకపోతే ప్రయత్నం వల్ల అది తక్కువవుతుంది. సున్నా అవుతుందని అనలేదు. తక్కువవుతుంది అన్నాడు. ప్రయత్నం వల్ల అన్నాడు. దానంతట అది తగ్గదు.

అథర్వవేదం పన్నెండో కాండలో భూమి సూక్తం ఉంది. అందులో ఒక మంత్రం భూమిని తవ్వేవాడి ప్రార్థన. నీ నుంచి నేను తవ్వుకున్నది త్వరగా మళ్లీ పెరగాలి, నీ మర్మాన్ని, నీ గుండెను నేను గాయపరచకూడదు, అని భావం. తవ్వొద్దని లేదు, గమనించండి. తిరిగి పెరిగేంత తవ్వుకో అని. దుంపలు, ఓషధులు అయితే ఏడాదిలో పెరుగుతాయి. మన గోదావరి లోయ బొగ్గు వయసు పాతిక కోట్ల సంవత్సరాలకు పైమాటే. ఆ రాతి పొరలకు ప్రపంచమంతా వాడే గోండ్వానా అనే పేరు గోండుల దేశం నుంచే వచ్చింది. పాతిక కోట్ల ఏళ్ల చెట్లను మనం ఒకటిన్నర శతాబ్దంలో పొగ చేస్తున్నాం. "త్వరగా పెరుగు తల్లీ" అని ఏ ముఖంతో అడుగుతాం?

సరిగ్గా ఈ రామగుండంలోనే ఇంకో పని కూడా జరిగింది. 2022 జూలై 1న ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద నీళ్లపై తేలే సోలార్ ప్లాంటు పూర్తి సామర్థ్యంతో మొదలైంది. 100 మెగావాట్లు, 500 ఎకరాల నీటి మీద, 423 కోట్ల ఖర్చు. దేశంలో అప్పటికి అంతకంటే పెద్దది లేదు. ఏడాదికి 1,65,000 టన్నుల బొగ్గు కాల్చే పని తప్పుతుందని, ఎండకు ఆవిరైపోయే నీళ్లు 32.5 లక్షల ఘనపు మీటర్లు మిగులుతాయని ప్రభుత్వం చెప్పింది. విచిత్రం ఏంటంటే, స్ట్రాలు, ప్లాస్టిక్ ప్లేట్లు, థర్మాకోల్ అలంకరణ లాంటి ఒకసారి వాడి పడేసే వస్తువుల మీద దేశమంతా నిషేధం అమల్లోకి వచ్చింది కూడా అదే రోజు. ఒకటి నిలబడింది. రెండోది ఎంత నిలబడిందో జాతర వెళ్లిన మర్నాడు ఏ ఘాట్ దగ్గరికి వెళ్లినా కనపడుతుంది.

ఆ ఫొటో మొదటిసారి చూసినప్పుడు నాకు మంత్రపుష్పం గుర్తొచ్చింది. ప్రతి పూజ చివర చదివేదే. అది కూడా ఇందాక చెప్పిన అరుణంలోదే. నీళ్లకు ఆధారం ఏదో తెలిసినవాడు ఆధారం గలవాడవుతాడని చెబుతూ, అగ్నికీ నీళ్లకీ, వాయువుకీ నీళ్లకీ, తపించే సూర్యుడికీ నీళ్లకీ ఒకదానికొకటి ఇల్లు అంటుంది. ఇప్పుడు, దయచేసి, "వేదాల్లోనే ఫ్లోటింగ్ సోలార్ ఉంది" అని నేను అంటున్నట్టు ఎవరూ స్టేటస్ పెట్టకండి. లేదు. సిలికాన్ సెల్ కనిపెట్టింది ఋషులు కాదు, 1954లో అమెరికా బెల్ ల్యాబ్స్ వాళ్లు. మంత్రం చెబుతున్నది టెక్నాలజీ కాదు, సంబంధం. సూర్యుడినీ నీళ్లనీ విడదీసి చూడొద్దని. ఆ సంబంధాన్ని రోజూ చదువుతూ, రోజూ తెంపుతూ ఉన్నవాళ్లం మనం.

ఇంకో లెక్క కూడా నిజాయితీగా చెప్పాలి. ఏడాదికి ఆ సోలార్ ఆదా చేసే 1,65,000 టన్నుల బొగ్గు, పక్కనే ఉన్న 2,600 మెగావాట్ల ప్లాంటుకు నాలుగైదు రోజుల తిండి. మూడు వందల అరవై అయిదు రోజుల్లో అయిదు. రాత్రి పూట అదీ లేదు. పాతికేళ్లకో ముప్పై ఏళ్లకో ఆ ప్యానెళ్లు పాతబడితే వాటి గాజునూ ప్లాస్టిక్‌నూ ఏ గంగల కలుపుతామన్న ప్రశ్న అప్పుడూ ఉంటుంది. కాబట్టి సోలార్ వచ్చేసింది, పాపం పోయింది అని కొబ్బరికాయ కొట్టడానికి లేదు. ప్రయత్నం వల్ల తక్కువవుతుంది అన్నాడే వ్యాధుడు, ఆ తక్కువ ఇంత. ఇంతే అని తీసిపారేసేవాళ్లతో నేను ఒప్పుకోను. అయిదు రోజులు పది కావాలంటే మొదటి అయిదు ఉండాలి కదా.

బాపు భయం మాత్రం నేను తీసిపారేయలేనిది. "సోలార్ పలకలకు షిఫ్టులుండయి బిడ్డా" అన్నాడు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నారు. ఆ ఉద్యోగాలు తీసుకుపోయింది సోలార్ కాదు, అప్పటికి సోలార్ లేనే లేదు. యంత్రాలు, ఓపెన్‌కాస్టులు తీసుకుపోయాయి. ఇక మీదట తగ్గేవి మాత్రం మన పుణ్యం ఖాతాలోనే తగ్గుతాయి. గోదావరిఖని, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి, ఇవన్నీ బొగ్గు మీద నిలబడ్డ ఊళ్లు. శుభ్రమైన కరెంటు కావాలని అడిగే గొంతు హైదరాబాద్‌ది అయినప్పుడు, దాని ఖరీదు బెల్లంపల్లి కట్టకూడదు. ఇది కూడా హాలాహలం లెక్కే. అమృతం మారినంత మాత్రాన విషం తాగేవాళ్లు అలాగే ఉండిపోతే మథనంలో ఏం మారినట్టు?

మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో డాబా మీద సోలార్ గురించి అడిగాను. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో సొంత ఇంటికి మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది. అపార్ట్‌మెంట్లకు లెక్క వేరు. "చూద్దాం" అన్నారు. ఆ "చూద్దాం"కు నాలుగు నెలలైంది, మళ్లీ అడుగుతా. ఏసీ 26లో పెట్టి ఫ్యాన్ వేస్తున్నా. వీడియోలు పగటి వెలుతురులో తీయడం మొదలుపెట్టాం, అందుకే ఈ మధ్య కొన్నింట్లో నా ముఖం మీద సగం నీడ. బాగోలేదని కొందరన్నారు, అలవాటవుతుంది.

ఇక పెద్దమ్మ కవర్. మొన్న ఆదివారం తీసి ముందేసుకుని కూర్చున్నా. ఎండిన పూలు, తులసి కుండీలోకి పోయాయి. ఒక పటానికి లామినేషన్ అంచు బ్లేడుతో కోస్తే కాగితం మెల్లగా ఊడి వచ్చింది. లోపల కొండగట్టు ఆంజనేయస్వామి, రంగు వెలిసిపోయి. దండం పెట్టుకుని, నీళ్లలో నానబెట్టి, వేపచెట్టు మొదట్లో మట్టిలో కలిపా. రెండోది ఊడి రాలేదు, కాగితమూ ప్లాస్టిక్కూ ఒకటైపోయాయి. దాన్ని ఏం చేయాలో తెలియక మళ్లీ పూజ గూట్లోనే, వెనక వైపు నిలబెట్టా. ప్లాస్టిక్ పూలదండ డబ్బాలో ఉంది. వచ్చే చవితికి అదే కడతా, కొత్తది కొనను.

పెద్దమ్మకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పేశా. అటువైపు కాసేపు చప్పుడు లేదు. కోపమొచ్చిందేమో అనుకున్నా.

"కండ్లు పోతయంటివి కదా పెద్దమ్మా?" అన్నా.

"అది చెత్తల ఏస్తె. నువ్వు మట్టిల కలిపినవ్ గదా" అంది. ఇంకాసేపు ఆగి, "అద్దం ఫ్రేము ఎనుక సన్న మొలలుంటయి. సూస్కొని తియ్యి, చెయ్యి గీరుకుంటది" అంది.